ఇందూరు దారిన మీటరు గేజి: కట్టలు, చెరకు, రైలు

కొండల నడుమ, సరస్సుల ఒడ్డున, హిమానీనదాల పక్కగా సాగే రైలు ప్రయాణమంటే ప్రపంచంలో ముందుగా గుర్తుకు వచ్చే మార్గాలలో స్విట్జర్లాండు ఆగ్నేయ మూల నుంచి ఇటలీలోని తిరానో పట్టణానికి దిగే బెర్నీనా మార్గం ఒకటి. హిమానీనదమంటే ఏళ్ల తరబడి కురిసిన మంచు పొరలు పొరలుగా పేరుకుని, తన బరువుకు తానే గట్టిపడి, లోయ వెంట కంటికి తెలియనంత నెమ్మదిగా జారే మంచు ప్రవాహం. 1908, 1910 సంవత్సరాల మధ్య విడతలుగా తెరిచిన ఆ మార్గం అటువంటి మంచు ప్రవాహాలకు చేరువగా 2253 మీటర్ల ఎత్తు దాకా ఎక్కి అవతలి వైపు దిగుతుంది. అక్కడ రెండు పట్టాల నడుమ దూరం సరిగ్గా ఒక మీటరు. బెర్నీనా మార్గానికి దాదాపు పదేళ్ల ముందే దక్కను పీఠభూమి మీద సికింద్రాబాద్ నుంచి ఇందూరు (నేటి నిజామాబాద్) మీదుగా మన్మాడ్ వరకు సాగిన హైదరాబాద్–గోదావరి లోయ రైలుమార్గం కూడా అదే కొలతలో పడింది. కొలత ఒకటే అయినా చుట్టూ ఉన్న నీటి పుట్టుక వేరు. మంచు కరిగి నదులకు నీరందే భాగ్యం దక్కనుకు లేదు; ఇక్కడి నదులు నాలుగు నెలల వాన మీద బతుకుతాయి. అందువల్ల ఈ దారిలో రైలు కిటికీ నుంచి కనిపించే దాదాపు ప్రతి జలాశయం వెనుక ఎవరో మట్టి మోసి, రాయి పేర్చి, తరతరాలుగా పూడిక తీసి నిలబెట్టిన కట్ట ఒకటి ఉంటుంది. నిజామాబాద్–బోధన్ ప్రాంతపు రైలు చరిత్రను ఆ కట్టల చరిత్ర నుంచి, వాటి కింద పండిన చెరకు చరిత్ర నుంచి విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

హైదరాబాద్ రాజ్యంలోకి రైలు మొదట వచ్చింది బ్రాడ్ గేజి మీద. బొంబాయి–మద్రాసు మార్గంలోని వాడి నుంచి సికింద్రాబాద్ వరకు 1874లో రైలు నడిచింది. అదే మార్గం తూర్పుగా సాగి 1889లో బెజవాడను చేరింది. ఈ నిర్మాణాలకు పెట్టుబడి సమకూర్చే ఏర్పాటులో భాగంగా లండన్‌లో ఏర్పడిన కంపెనీకి నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అని పేరు. అందులో గ్యారంటీ అన్న మాటకు అర్థం, రైలుకు లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకు నిర్ణీత వడ్డీని నిజాం ఖజానా చెల్లిస్తుందన్న హామీ. ఈ భారం రాజ్యప్రజల మీద పడుతుందని, షరతులేమిటో ముందుగా ప్రజలకు తెలియజెప్పాలని 1883లో హైదరాబాద్‌లో విద్యావంతులు గొంతెత్తారు. చాందా రైల్వే వివాదమని పేరుపడిన ఆ సందర్భంలో విద్యావేత్త, సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చట్టోపాధ్యాయను నగరం నుంచి వెళ్లగొట్టారు. తెలంగాణలో రైలు గురించి మొదలైన తొలి బహిరంగ చర్చ దాని అందం గురించో వేగం గురించో జరగలేదు. డబ్బు ఎవరిది, లాభం ఎవరికి అన్న ప్రశ్న మీద జరిగింది. ఆ ప్రశ్న తరువాతి కాలంలో బోధన్ దాకా వచ్చింది కనుక దాన్ని ఇక్కడ గుర్తుంచుకోవడం అవసరం.

గోదావరి లోయ మార్గానికి వచ్చేసరికి పాలకులు మీటరు గేజిని ఎంచుకున్నారు. బ్రాడ్ గేజిలో పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు కాగా మీటరు గేజిలో 1000 మిల్లీమీటర్లు మాత్రమే. పట్టాలు తేలిక, వంతెనలు సన్నన, మలుపులు బిగువుగా తిప్పవచ్చు, ఖర్చు తగ్గుతుంది. 1870 ప్రాంతంలో లార్డ్ మేయో వైస్రాయిగా ఉండగా భారతదేశంలో ఈ కొలత ప్రవేశించడానికి కారణం అదే. 1899, 1901 మధ్య విడతలుగా తెరిచిన 391 మైళ్ల ఈ మార్గం సికింద్రాబాద్ నుంచి కామారెడ్డి, ఇందూరు, బాసర, నాందేడ్, పర్భణి, జాల్నా, ఔరంగాబాద్ పట్టణాలను కలుపుతూ మన్మాడ్‌లో బొంబాయి వైపు వెళ్లే పెద్ద మార్గాన్ని అందుకుంది. అవి దక్కనును పెద్ద కరువు పీడించిన సంవత్సరాలు. మరాఠ్వాడాలో ఆకలి చావులు నమోదైన 1899–1900 కాలంలోనే ఈ పట్టాలు పడుతూ వచ్చాయి. తక్కువ ఖర్చుతో వేసినందుకు తరువాత మరొక రూపంలో మూల్యం చెల్లించవలసి వచ్చింది. రెండు చివరలా గేజి మారడంతో మన్మాడ్‌లోనూ సికింద్రాబాద్‌లోనూ ప్రతి బస్తాను ఒక పెట్టె నుంచి దింపి మరొక పెట్టెలోకి ఎక్కించవలసి వచ్చేది. దాదాపు నూరేళ్ల పాటు హమాలీల వీపులే ఆ రెండు గేజిల మధ్య వంతెనగా పనిచేశాయి.

రైలుకు ముందు ఈ దారిలో సరుకు నడిచింది పెరికె ఎడ్ల మీద. పెరికె అంటే ఎద్దు వీపు మీద రెండు వైపులా వేలాడే గోనె సంచి. అటువంటి వందలాది ఎడ్లను తోలుకుని ఉప్పు, ధాన్యం, పత్తి మోస్తూ కోస్తా నుంచి మరాఠ్వాడా వరకు తిరిగిన బంజారాల గుంపులను బిడారులనేవారు. మొగలు సేనల వెంట దక్కనులోకి ధాన్యం మోసుకొచ్చిన చరిత్ర వారిది. బండి బాటలు పెరగడంతో తగ్గుముఖం పట్టిన వారి వృత్తి రైలు రాకతో కొద్ది కాలంలోనే కూలిపోయింది. ఇందల్వాయి, సిరికొండ, సిర్నాపల్లి అడవి అంచుల్లో స్థిరపడిన లంబాడీ తండాలలో ఆ సంచార జీవితం నిలిచిపోయిన జాడ ఉంది. ఎడ్లను కోల్పోయిన ఆ కుటుంబాలలో అనేకం పశువులు మేపడానికీ, కట్టెలు కొట్టడానికీ, సేద్యానికీ, తరువాత చెరకు నరికే కూలికీ మళ్లాయి. రైలు రాకను అభివృద్ధిగా మాత్రమే చెప్పే పుస్తకాలు ఈ తండాల మాట ఎత్తకపోవడం అన్యాయం.

సికింద్రాబాద్ దాటిన తరువాత బొల్లారం, మేడ్చల్, మీర్జాపల్లి, అక్కన్నపేట మీదుగా కామారెడ్డి వరకు దారి పీఠభూమి మీదనే నడుస్తుంది. కామారెడ్డి దాటాక నేల ఉత్తరానికి వాలుతుంది. సిర్నాపల్లి, ఇందల్వాయి, డిచ్‌పల్లి ప్రాంతంలో 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు గుట్టలు, వాటి మధ్య అడవి, గుట్టల సందుల్లో అడ్డుకట్ట వేసి నిలిపిన చిన్న చెరువులు వరుసగా వస్తాయి. మొత్తం మార్గంలో కంటికి విందైన భాగం ఇదే. వానకాలం చివర రెండు గుట్టల నడుమ వచ్చిన వాగునల్లా చెరువుగా మలిచిన తీరు రైలులోంచి స్పష్టంగా కనిపిస్తుంది: ఎగువన వాలు నేల, దిగువన తూము, తూము కింద పచ్చని మడి, మడికి అంచున ఊరు. తూమంటే చెరువు కట్ట అడుగున నీటిని కొలతగా వదిలే రాతి ద్వారం. దాన్ని తెరిచి మూసి పొలాలకు వంతుల ప్రకారం నీరు పంచే మనిషి నీరటి. గొలుసుకట్టు చెరువులంటే ఒకదాని అలుగు మీదుగా పొర్లిన నీరు మరొకదానిలోకి చేరే వరుస. కాకతీయుల కాలం నుంచి తెలంగాణ గ్రామం నిలబడింది ఈ ఏర్పాటు మీదనే.

సిర్నాపల్లి పేరు వినగానే ఈ ప్రాంతంలో శీలం జానకీబాయి ప్రస్తావన వస్తుంది. సిర్నాపల్లి సంస్థానాన్ని ఏలిన ఈ రాణి ఊళ్లు కట్టించిందనీ, చెరువులు తవ్వించిందనీ, రైలుమార్గం తన సంస్థానం మీదుగా సాగేటట్టు పట్టుబట్టిందనీ స్థానికులు చెప్పుకుంటారు; జానకంపేట ఆమె పేరు మీదనే వెలిసిందని ఆ ప్రాంతపు నమ్మకం. సిర్నాపల్లి దగ్గర అడవిలో వానకాలంలో దూకే జలపాతాన్ని కూడా ఆమె పేరుతోనే పిలుస్తారు. నిజాం ఏలుబడిలోని చిన్న సంస్థానాలలో పాలన చూసిన స్త్రీలు కొద్దిమంది. వారిలో ఒకరి పేరు జానకంపేట రైల్వే స్టేషన్ బోర్డు మీద నిలవడం, అదే స్టేషన్ తరువాత బోధన్ శాఖకు జంక్షన్ కావడం ఈ ప్రాంత చరిత్రలో విలువైన అంశాలు.

హిమానీనదాల ప్రస్తావన దక్కనుకు పూర్తిగా పరాయిది కాదు. ఇప్పుడు మంచు ఆనవాలే లేని గోదావరి లోయలో సుమారు 30 కోట్ల సంవత్సరాల క్రితం, భారత భూభాగం దక్షిణ ధ్రువానికి చేరువగా గోండ్వానా అనే మహాఖండంలో భాగమై ఉన్న కాలంలో, విశాలమైన మంచు పలకలు పరచుకుని ఉండేవి. చంద్రపూర్ ప్రాంతంలో పెన్‌గంగ ఒడ్డున ఇరై అనే ఊరి దగ్గర, కదిలే మంచు అడుగున ఇరుక్కున్న రాళ్లు సున్నపురాతి నేలను గీరిన గాట్లను 1870 దశకంలో భూగర్భ సర్వే శాఖకు చెందిన ఫెడ్డెన్ గుర్తించి వివరించాడు. ఉష్ణ దేశంలో మంచు ఆనవాళ్లన్న మాట ఆనాటి శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరిచింది. పెన్‌గంగ వార్ధాలో, వార్ధా ప్రాణహితలో, ప్రాణహిత గోదావరిలో కలుస్తాయి కనుక ఇది గోదావరి పరీవాహకంలోని సంగతే. ఆ మంచు తెచ్చి వదిలిన గులకరాళ్ల పొరను శాస్త్రజ్ఞులు తాల్చేరు పొర అంటారు. మంచు వెనక్కి తగ్గి వాతావరణం వేడెక్కిన తరువాత, ఆ పొర పైన చిత్తడి అడవులు పెరిగి, కూలి, పూడి బొగ్గుగా మారాయి. ఆ బొగ్గునే 1870 దశకం ఆరంభంలో విలియం కింగ్ ఇల్లందు పరిసరాలలో కనుగొన్నాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. తరువాత సింగరేణి కాలరీస్‌గా స్థిరపడిన ఆ గనుల బొగ్గే నిజాం రైలు ఇంజన్ల పొయ్యిలోకి చేరింది. ఆ పొయ్యిలో మండిన బొగ్గు పుట్టుక వెనుక అతి ప్రాచీనమైన ఆ మంచు కాలం ఉందన్న సంగతి ఈ మార్గాన్ని తలచుకున్నప్పుడల్లా అబ్బురమనిపిస్తుంది.

రైలు రాకతో ఇందూరు స్థానం మారింది. కొండ మీద రఘునాథాలయం, కోట, పక్కన చెరువు, చుట్టూ సన్నని వీధులుగా ఉన్న ఊరికి స్టేషన్ కొత్త కేంద్రమైంది. స్టేషన్‌కు నిజాం పేరు పెట్టగా ఊరికి, 1905లో జిల్లాకు కూడా నిజామాబాద్ అన్న పేరు స్థిరపడిందని చెబుతారు. ఇందూరు అన్న పాత పేరు సాహిత్య సంఘాలలోనూ, సంస్థల పేర్లలోనూ, పెద్దల మాటలోనూ ఇప్పటికీ బతికి ఉంది. పసుపు, ధాన్యం, పత్తి, నువ్వులు గంజికి చేరి అక్కడినుంచి రైలు ఎక్కాయి. గంజి అంటే ఇక్కడి వాడుకలో ధాన్యపు బజారు. పసుపుకు నిజామాబాద్ నేటికీ దేశంలోని ముఖ్యమైన అంగళ్లలో ఒకటి. 2025లో జాతీయ పసుపు బోర్డును ఇక్కడ ఏర్పాటు చేయడానికి వెనుక ఆ పాత సంతల చరిత్ర ఉంది.

జిల్లా పడమటి భాగాన్ని మార్చివేసిన ఘట్టం మాత్రం నీటిదే. మరాఠ్వాడాలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్, మెదక్ ప్రాంతాల మీదుగా వచ్చి కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే మంజీర నదికి అచ్చంపేట దగ్గర అడ్డంగా 1923లో కట్ట మొదలైంది. 1931లో పూర్తయిన ఆ జలాశయం నిజాంసాగర్. కూపర్స్ హిల్‌లో ఇంజనీరింగ్ చదివిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ దాని రూపకర్త. 2.75 లక్షల ఎకరాలకు నీరందించాలన్న లక్ష్యంతో తలపెట్టిన ఈ కట్టడం ఆనాటి హైదరాబాద్ రాజ్యంలోని నీటి పనులన్నింటిలోకీ పెద్దది. రాతికట్ట మీద మైళ్ల దూరం నడిచిపోయే బాట, వరద గేట్ల వరుస, ఎగువన మునిగిన ఊళ్లు, ఇవన్నీ ఆ నిర్మాణంలోని భాగాలు. ఊళ్లు వదిలి వెళ్లిన వారి పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ప్రధాన కాలువ బాన్సువాడ, వర్ని, బోధన్ ప్రాంతాలను దాటి నిజామాబాద్ పరిసరాలకు వచ్చింది. కాలువ నీటిని మధ్యలో నిలిపి అవసరం మేరకు వదిలే సమతుల్య జలాశయంగా గుట్టల నడుమ అలీసాగర్ వెలిసింది. తోట, అతిథిగృహం, గుట్టలు కలిసి ఉన్న ఆ చోటికి నిజామాబాద్ వారు సెలవులకు వెళ్తారు. జానకంపేట దగ్గర అశోక్‌సాగర్, బోధన్‌లో బెల్లాల చెరువు, వాటి నడుమ కాలువలు కలుపుకుంటే నిజామాబాద్ నుంచి బోధన్ దాకా నీటి మధ్యనే ప్రయాణం సాగుతుంది.

బోధన్ నేల స్వభావం ఈ నీటికి ఎదురుచూస్తున్నట్టుగా ఉండేది. జిల్లా తూర్పున గ్రానైటు అరిగి ఏర్పడిన ఎర్రని చలక నేల కాగా, పడమట సుమారు 6.5 కోట్ల ఏళ్ల క్రితం ఉబికిన లావా గడ్డకట్టి ఏర్పడిన దక్కను ట్రాప్ రాయి నుంచి పుట్టిన నల్లరేగడి. తేమను గట్టిగా పట్టుకునే ఈ నేల కాలువ నీరు లేకపోతే జొన్నకు, పత్తికి, శనగకు పరిమితం. ఊరు మాత్రం చాలా పాతది: బుద్ధుని కాలపు పదహారు మహాజనపదాలలో ఒకటైన అశ్మకానికి రాజధాని పోదన ఇదేనని చరిత్రకారులు భావిస్తారు, దేవల్ మసీదుగా మారిన ఆలయపు స్తంభాలలో పశ్చిమ చాళుక్యుల నాటి పనితనం చెక్కుచెదరకుండా ఉంది. ఇంత పురాతన పట్టణానికి ఇరవయ్యో శతాబ్దపు మొదటి ముప్పై ఏళ్ల పాటు రైలు లేకపోవడానికి కారణం, పెద్ద ఎత్తున మోయవలసిన సరుకేదీ ఇంకా అక్కడ పుట్టకపోవడమే.

ఆ సరుకు చెరకు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం చక్కెర పరిశ్రమ పరిరక్షణ చట్టం చేసి జావా నుంచి దిగుమతయ్యే చక్కెర మీద భారీ సుంకం విధించడంతో భారతదేశంలో ముప్పై చిల్లర మిల్లుల నుంచి కొన్నేళ్లలోనే వందకు పైగా మిల్లులు వెలిశాయి. నిజాంసాగర్ నీరు పొలాలకు చేరినా వాటికి తగిన పంటేమిటన్న ప్రశ్న హైదరాబాద్ ప్రభుత్వానికి అప్పుడే ఎదురైంది. 1929లో కోటి రూపాయలతో ఏర్పాటైన పారిశ్రామిక నిధి అప్పటికే సిద్ధంగా ఉంది. రాజ్యం సొంత పెట్టుబడితో పరిశ్రమలను నిలబెట్టడానికి, ఆ వాటాల ఆదాయాన్ని తిరిగి పరిశ్రమలకే మళ్లించడానికి దీన్ని ఉద్దేశించారు. 1937లో బోధన్ దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది; దాని చుట్టూ ఏర్పడిన కాలనీకి శక్కర్‌నగర్ అని పేరు. ఒక దశలో ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారాలలో ముందువరుసన దాన్ని చెప్పుకునేవారు. జానకంపేట నుంచి ఎడపల్లి మీదుగా బోధన్‌కు పడిన సుమారు 20 కిలోమీటర్ల రైలు శాఖ ఈ కాలపుదే: కట్ట తరువాత కాలువ, కాలువ తరువాత చెరకు, చెరకు తరువాత ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ కోసం రైలు.

చెరకుకు రైలు, ఫ్యాక్టరీ ఎందుకంత దగ్గరగా కావాలో తెలియాలంటే ఆ పంట స్వభావం తెలియాలి. గడను నరికిన క్షణం నుంచి అందులోని సుక్రోజు, అంటే గట్టి పలుకుగా మారగల తీపి, విడిపోవడం మొదలుపెడుతుంది. ఎండలో ఒక రోజు దాటితే రసం ఉంటుంది గానీ పలుకు తగ్గిపోతుంది. అందువల్ల ఫ్యాక్టరీ ఇచ్చే కటింగ్ ఆర్డర్ రాకముందు రైతు పొలంలో కొడవలి పడదు, పడ్డ తరువాత ఆగదు. గడను అడుగంటా నరికి, కొన విరిచి, ఆకు దులిపి కట్టలు కట్టి బండికెత్తే వరకు కూలీల చేతులు నిలకడ ఎరగవు. ఫ్యాక్టరీ గేటు దగ్గర రాత్రంతా ఎడ్లబండ్ల వరుస, తూకపు వంతెన, దాని పక్కన చీటీ రాసే గుమాస్తా, ఆ చీటీ కోసం ఎదురుచూసే రైతు, ఇదీ క్రషింగ్ సీజన్ దృశ్యం. లోపల గడలను ముక్కలుగా నరికి ఉక్కు రోలర్ల నడుమ వరుసగా పిండుతారు. రసానికి సున్నం, గంధకపు పొగ తగిలించి మురికిని అడుగుకు దింపుతారు. ఆవిరి తొట్లలో చిక్కబరుస్తారు. ఆ తరువాత గాలి తీసేసిన పాత్రల్లో తక్కువ వేడికే మరిగించడం వల్ల పాకం మాడిపోకుండా పలుకు కడుతుంది. దాన్ని గిరగిరా తిప్పే డ్రమ్ములో వేస్తే తెల్లని చక్కెర జల్లెడకు అంటుకుని, నల్లని మడ్డి బయటకు పోతుంది. పిప్పి మళ్లీ బాయిలర్లో ఇంధనమవుతుంది. మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద పెనంలో రసం కాచి బెల్లం వండుకున్న రైతుకు ఈ పనంతా కొత్త. పెనం ముందు కూర్చున్న మనిషికి పాకం ఏ తీగకు వచ్చిందో తానే తేల్చే అధికారం ఉండేది. ఇక్కడ ఆ తీర్పు గడియారానికి, కొలతగొట్టానికి వెళ్లిపోయింది.

ఈ నీటికోసం వచ్చినవారు మరికొందరు ఉన్నారు. కృష్ణా, గోదావరి డెల్టాలలో ఆనకట్టల కింద తరాల తరబడి కాలువ సేద్యం చేసిన కుటుంబాలు 1930 దశకం నుంచి బోధన్, బాన్సువాడ, వర్ని, కోటగిరి ప్రాంతాలకు వచ్చి భూములు కొని స్థిరపడ్డాయి. వారి ఊళ్లకు క్యాంపులన్న పేరు నేటికీ నిలిచింది. చెరకు సాగును, వరినాట్లను, ఎరువుల వాడకాన్ని వారు విస్తరింపజేశారన్నది వాస్తవం. కాలువ నీటి విలువ ముందుగా తెలియని స్థానిక రైతు కొన్ని చోట్ల తక్కువ ధరకే నేల వదులుకున్నాడన్నదీ వాస్తవమే. ఈ రెండు వాస్తవాలనూ కలిపి చూడకుండా రాసిన చరిత్ర ఏదైనా సగమే అవుతుంది. తెలంగాణ ఉద్యమ కాలంలో ఈ పరిసరాలలో వినిపించిన ఫిర్యాదులకు మూలం అక్కడ ఉంది. రుద్రూరులోని చెరకు, వరి పరిశోధన కేంద్రం కూడా ఈ ఆయకట్టు సేద్యం చుట్టూనే పెరిగింది.

రాజ్యం ఉన్నన్నాళ్లూ ఈ సరుకుకు సుంకపు అడ్డంకి కూడా ఉండేది. హైదరాబాద్ రాజ్యానికి సొంత నాణెం హాలీ సిక్కా, సొంత సుంకపు శాఖ కరోడ్‌గిరీ. సరిహద్దు దాటే సరుకులు చాలావాటి మీద నూటికి ఐదు చొప్పున పన్ను పడేది. 1930లో నిజాం ప్రభుత్వం రైలును కంపెనీ నుంచి కొనుగోలు చేసి తన సొంతం చేసుకోవడంతో రవాణా, సుంకం, తరువాత ఫ్యాక్టరీ అన్నీ ఒకే చేతికి వచ్చాయి. 1948లో రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన తరువాత రైలు 1951లో సెంట్రల్ రైల్వేలోనూ, 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలోనూ భాగమైంది. కాచిగూడ నుంచి మన్మాడ్ వరకు మీటరు గేజి మీద నడిచిన అజంతా ఎక్స్‌ప్రెస్ ఆ కాలపు ముఖ్యమైన బండి. పర్యాటకులకు అజంతా, ఎల్లోరా గుహల దారి, తెలంగాణ పల్లెవారికి బాసర దారి.

బాసరకు రైలు చేసిన మేలు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. గోదావరి ఒడ్డున ఉన్న సరస్వతీ క్షేత్రంలో బిడ్డలకు అక్షరాభ్యాసం చేయించడం తెలంగాణ, మరాఠ్వాడా కుటుంబాల ఆచారం; పలక, బియ్యం, పసుపు కొమ్ము పట్టుకుని రైలు దిగే కుటుంబాల రద్దీ స్టేషన్‌కు అలవాటే. స్టేషన్‌కు కొద్ది దూరంలోనే ఉన్న వంతెన మీదుగా రైలు గోదావరిని దాటుతుంది. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు, అంటే శ్రీరాంసాగర్, నిండిన సంవత్సరాలలో వెనక్కి నిలిచే నీరు బాసర దాకా వచ్చి, ఎండాకాలంలో ఇసుక పాయలుగా మిగిలే నదిని విశాలమైన సరస్సుగా మారుస్తుంది. ఇక్కడ కూడా సరస్సు కట్ట పుణ్యమే. స్విట్జర్లాండులోని బెర్నీనా కనుమ మీద రైలు పక్కనే పరుచుకున్న లాగో బియాంకో కూడా పూర్తిగా ప్రకృతి సృష్టి కాదన్నది తెలిస్తే ఈ పోలిక మరింత బలపడుతుంది: అక్కడున్న రెండు చిన్న సరస్సులను కలిపి రెండు ఆనకట్టలతో విద్యుత్తు కోసం పెద్దది చేశారు. తెలుగువారికి సుపరిచితమైన అరకు రైలు కూడా అందం కోసం పుట్టలేదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం ఓడరేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960 దశకంలో తవ్విన సొరంగాల దారి అది. సుమారు 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగుడ స్టేషన్ దాటే ఆ బండికి అద్దాల పెట్టె తగిలించింది 2017లో మాత్రమే. పర్యాటకుడు కిటికీ నుంచి చూసే దృశ్యానికి వెనుక గని, పొలం, జలాశయం ఉంటాయి.

ఇరవయ్యొకటో శతాబ్దపు తొలి సంవత్సరాలలో ముద్ఖేడ్ నుంచి సికింద్రాబాద్ వరకు మీటరు గేజి స్థానంలో బ్రాడ్ గేజి పడింది. బోధన్ శాఖ కూడా మారింది. గేజి మారే కాలంలో రైళ్లు ఆగిపోయి బస్సుల మీద ఆధారపడిన తీరు ఆ ప్రాంతం ఇంకా మరువలేదు. తరువాత, 1993లో పి.వి. నరసింహారావు ప్రధానిగా శంకుస్థాపన చేసిన పెద్దపల్లి–కరీంనగర్–నిజామాబాద్ మార్గం దాదాపు పాతికేళ్లకు, 2017లో పూర్తయింది. ఆర్మూరు, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతాల రైతుకు పసుపు, మక్క, వడ్లు దూరానికి పంపే కొత్త దారి ఏర్పడింది.

ఫ్యాక్టరీ కథ మరో దిశగా సాగింది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థగా అది బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ ప్రాంతాలకు విస్తరించింది. 2002లో ప్రైవేటు సంస్థకు 51 శాతం వాటా ఇచ్చి దాన్ని ఉమ్మడి వ్యవస్థగా మార్చారు. 2015 డిసెంబరులో మూడు యూనిట్లలోనూ లే ఆఫ్ ప్రకటించారు, అంటే పని నిలిపివేసి కార్మికులను ఇళ్లకు పంపారు. వేతనబకాయిల కోసం, ఫ్యాక్టరీ పునరుద్ధరణ కోసం శక్కర్‌నగర్ కార్మికులు, చెరకు రైతులు దశాబ్దంగా పట్టువదలక పోరాడుతున్నారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ మార్గాలు చూడడానికి సంఘం వేసింది. ఈలోగా ఆయకట్టులో చెరకు తగ్గి వరి విస్తరించింది. నిజాంసాగర్‌లో పూడిక చేరి తొలినాటి నిల్వ సామర్థ్యం బాగా తగ్గడం, మంజీర ఎగువన ఇతర జలాశయాలు రావడం కూడా నీరు ఎక్కువ కోరే పంటను వెనక్కి నెట్టాయి. 1883లో హైదరాబాద్ వీధుల్లో లేచిన డబ్బు ఎవరిది, లాభం ఎవరికి అన్న ప్రశ్న ఈ ఫ్యాక్టరీ గేటు ముందు మళ్లీ నిలబడింది.

బోధన్ రైలు శాఖ మాత్రం నిలిచింది. చెరకు మోయడానికి పుట్టిన ఆ దారిలో ఇప్పుడు ప్రధానంగా ప్రయాణికుల బండ్లు తిరుగుతాయి. విద్యార్థులు, కూలికి వెళ్లేవారు, ఆసుపత్రికి వచ్చేవారు జానకంపేట దగ్గర పెద్ద మార్గాన్ని అందుకుంటారు. పట్టాలు బోధన్‌లో ఆగిపోవడం మీద దశాబ్దాలుగా ఒక కోరిక ఉంది: వాటిని వర్ని, బాన్సువాడ, పిట్లం, నారాయణఖేడ్ మీదుగా బీదర్ వరకు పొడిగించాలని. దానికోసం సర్వేలు జరిగాయి, రైల్వే బడ్జెట్లలో పేరు వచ్చింది, మళ్లీ మరుగున పడింది. ఆ దారి పడితే మంజీరను దాటుతూ నిజాంసాగర్ ఆయకట్టు నడిబొడ్డు గుండా రైలు సాగుతుంది. ఇన్నేళ్లుగా కాలువ నీటిని తాగిన ఆ ఊళ్లలో చాలావాటికి అదే తొలి రైలు అవుతుంది.